ఇనుము గట్టిదే, రబ్బరుతోనే పేచీ: తిరుపతి ఎండలో రోటాక్స్ 912

సొంతంగా కట్టుకునే రెండు సీట్ల విమానానికి ఏ ఇంజన్ పెడదామని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది రోటాక్స్ 912 అనే అంటారు. ఆస్ట్రియాలోని గున్స్‌కిర్షెన్‌లో తయారయ్యే ఈ ఇంజన్ 1989 నుంచి మార్కెట్లో ఉంది. పొగిడేవాళ్ళకు కొదవ లేదు. అయితే ఆ పొగడ్తలు చాలావరకు 15, 20 డిగ్రీల చలిదేశాల్లో ఎగిరినవాళ్ళవి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మన తిరుపతి, చిత్తూరు ఎండలో, మన బంకుల్లో దొరికే పెట్రోలుతో ఇది ఎలా నడుస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది అన్నదే ఇక్కడి విషయం. పోల్చి చూస్తున్నవి రెండు రకాలు: 80 హార్స్‌పవర్ 912 యూఎల్, 100 హార్స్‌పవర్ 912 యూఎల్‌ఎస్. రెండిటికీ కార్బురేటర్లే. ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వచ్చే 912 ఐఎస్ కథ వేరు, దాన్ని పక్కన పెడదాం.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ ఇంజన్‌లో క్రాంక్, పిస్టన్లు, సిలిండర్లు అంత తేలిగ్గా చెడిపోవు. 2,000 గంటలు లేదా 15 ఏళ్ళు, ఏది ముందైతే అది, ఓవర్‌హాల్ (ఇంజన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయించే) గడువు (పాత సీరియల్ నంబర్లకు ఇంకా తక్కువ). ఇక్కడ దీన్ని నేలకు దించేవి రబ్బరు, పెట్రోలు, కార్బురేటర్‌లోని ఫ్లోట్లు (పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే తేలే ముక్కలు), వేడికి మాడే కరెంటు డబ్బాలు. సమీక్షలో ఎక్కువ చోటు వాటికే ఇస్తున్నాం.

నిర్మాణం క్లుప్తంగా. ఎదురెదురుగా పడుకోబెట్టిన నాలుగు సిలిండర్లు. హెడ్లకు నీటి చల్లదనం, సిలిండర్ గొట్టాలకు గాలి చల్లదనం. యూఎల్ 1,211 సీసీ, యూఎల్‌ఎస్ 1,352 సీసీ. ఇంజన్ 5,800 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, అంత వేగం ప్రొపెల్లర్‌కు పనికిరాదు కాబట్టి ముందు గేర్‌బాక్స్ ఉంటుంది. యూఎల్‌ఎస్‌కు 2.43కి 1, యూఎల్‌కు సాధారణంగా 2.27కి 1. ఆ 5,800 కూడా ఐదు నిమిషాలకే, ఆ తర్వాత 5,500 దాటకూడదు. రెండు బింగ్ కార్బురేటర్లు, సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్లు. 75 శాతం పవర్ మీద యూఎల్ గంటకు 16 లీటర్ల పైచిలుకు, యూఎల్‌ఎస్ పద్దెనిమిదిన్నర లీటర్ల దాకా తాగుతుంది.

కాగితం మీద 100 హార్స్‌పవర్ ఉన్నా మన ఎండకు అంత రాదు. రేణిగుంట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 41 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలచబడి, విమానానికి దాదాపు 3,600 అడుగుల ఎత్తున ఉన్నట్టే ఉంటుంది. లెక్క తేలికే: 350 అడుగుల ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత 14 డిగ్రీలు, తేడా 27, డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలపాలి. టర్బో లేని ఇంజన్ వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. అంటే 100 కాస్తా 89 అవుతుంది, 80 కాస్తా 71. మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు వైపు వెళ్తే నేలే 2,200 అడుగుల ఎత్తు. అక్కడ 36 డిగ్రీలకే 5,300 అడుగుల లెక్క వస్తుంది. యూఎల్‌ఎస్ దగ్గర 84, యూఎల్ దగ్గర 67 మిగులుతాయి. ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకుతో, చిన్న మట్టి స్ట్రిప్ నుంచి లేవాలంటే ఈ 17 హార్స్‌పవర్ల తేడాయే చివరి చెట్టు దాటడమా, దాటకపోవడమా అని తేలుస్తుంది.

కౌలింగ్ (ఇంజన్‌ను కప్పే మూత) లోపలి వేడి గాలినే కార్బురేటర్లు పీల్చుకునేలా బిగిస్తే ఇంకొంత పోతుంది. పీల్చే గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత 1 శాతం తగ్గుతుంది. కౌలింగ్ లోపల బయటికంటే 25, 30 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. అంటే ఊరికే 8, 10 శాతం గాల్లో కలిసిపోయినట్టు. కట్టేటప్పుడే బయటి గాలి నేరుగా వచ్చేలా ఎయిర్‌బాక్స్ పెట్టుకోవాలి. దానికి వేడిగాలి తలుపు మాత్రం తప్పనిసరి. మన దగ్గర మంచెక్కడిది అనుకోవద్దు. నవంబరు, డిసెంబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు పడ్డాక 22, 24 డిగ్రీల తేమగాలిలో థ్రాటిల్ (కారు యాక్సిలరేటర్ లాంటిది) తగ్గించి దిగుతుంటే కార్బురేటర్‌లో మంచు కట్టడానికి అది సరిపోతుంది.

ఇక పెట్రోలు. ఈ ఇంజన్ కొనాలనుకునేవాళ్ళు అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. యూఎల్‌కు కనీసం 90 ఆక్టేన్ (పెట్రోలు అదుపు తప్పి పేలకుండా తట్టుకునే శక్తికి కొలత), యూఎల్‌ఎస్‌కు కనీసం 95 కావాలి. ఇథనాల్ 10 శాతం దాకా రోటాక్స్ ఒప్పుకుంటుంది. మన బంకుల్లో మామూలు పెట్రోలు ఇప్పుడు ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. ఆక్టేన్ సరిపోయినా ఇథనాల్ అనుమతికి రెట్టింపు. దానివల్ల రబ్బరు ఉబ్బుతుంది, కొన్ని రకాల రెజిన్‌తో చేసిన ఫైబర్‌గ్లాస్ ట్యాంకు లోపలి పొర మెత్తబడుతుంది, అది ఊడి జిగురులా ఫిల్టర్‌లో చేరుతుంది. పైగా ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. వానాకాలంలో సగం ఖాళీ ట్యాంకుతో నెల రోజులు విమానం నిలబెడితే అడుగున ఏం చేరిందో డ్రెయిన్ తిప్పితేగానీ తెలియదు.

దారులు రెండు. ఒకటి ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 లాంటి ప్రీమియం పెట్రోలు. అందులో ఇథనాల్ కలపరని అంటారు. అన్నారని సరిపెట్టుకోకుండా తెచ్చిన ప్రతి డబ్బానూ పరీక్షించాలి. స్కూలు ల్యాబ్ సామాను అమ్మే కొట్టులో 100 మిల్లీలీటర్ల కొలజాడీ దొరుకుతుంది. అందులో 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, గీత స్పష్టంగా కనబడటానికి రెండు చుక్కల సిరా కలపండి. పైన 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోయండి. మూత పెట్టి అర నిమిషం ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్ళలోకి దిగుతుంది. అడుగు పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 19 దగ్గరికొస్తే 10 శాతం, 28 దగ్గరికొస్తే 20 శాతం. 19 దాటిన డబ్బా విమానంలోకి పోకూడదు, స్కూటర్‌లోకి పోవచ్చు.

కొందరు ఇదే పద్ధతిని పెద్ద డ్రమ్ముల్లో చేసి, నీళ్ళతో ఇథనాల్‌ను కడిగేసి మిగిలిన పెట్రోలు వాడదామంటారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఈ20కి ఆ ఆక్టేన్ వచ్చిందే ఇథనాల్ వల్ల. దాన్ని కడిగేస్తే మిగిలే పెట్రోలు ఆక్టేన్ ఎంతో ఎవరూ చెప్పలేరు. కంప్రెషన్ ఎక్కువగా ఉన్న యూఎల్‌ఎస్‌లో అది పోసి నిండు థ్రాటిల్‌తో లేస్తే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది. ప్రొపెల్లర్ మోతలో అది వినబడదు, పిస్టన్ పగిలాకే తెలుస్తుంది.

రెండో దారి ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్, అంటే విమానాల కోసం చేసే పెట్రోలు. 2022 నుంచి ఇండియన్ ఆయిల్ దీన్ని దేశంలోనే తయారు చేస్తోంది. ఇథనాల్ గొడవ లేదు, ఆక్టేన్ బెంగ లేదు, ఎండకు తొందరగా ఆవిరి కాదు. ఇబ్బందల్లా అందులోని సీసం. అది ప్లగ్గుల మీద బూడిద రంగు గింజల్లా పేరుకుంటుంది, ఆయిల్ ట్యాంకు అడుగున బురదలా చేరుతుంది, గేర్‌బాక్స్ క్లచ్ పళ్ళ మధ్య పాకుతుంది. అందుకే ఎక్కువగా ఏవ్‌గ్యాస్ మీద నడిపితే ఆయిల్ 100 గంటలకు కాకుండా 50 గంటలకే మార్చాలి. మా ఓటు దీనికే: మార్చి నుంచి జూన్ దాకా ఏవ్‌గ్యాస్, మిగతా నెలల్లో పరీక్షించిన ప్రీమియం పెట్రోలు. రెండూ కలిసినా ఇంజన్‌కు ఇబ్బంది లేదు. అయితే వాడే ఇంధనం ఇంజన్ పుస్తకంలోనే కాదు, విమానం మాన్యువల్‌లో కూడా ఉండాలి. ఇంజన్ ఒప్పుకున్నా ట్యాంకు ఒప్పుకోకపోతే ఏం లాభం?

వేసవిలో ఏవ్‌గ్యాస్ ఎందుకంటే వేపర్ లాక్. మధ్యాహ్నం దిగి, ఇంజన్ ఆపి, టీ తాగి అరగంటకు మళ్ళీ స్టార్ట్ చేసే సమయమే అన్నిటికంటే చెడ్డది. ఆగిన ఇంజన్ వేడి పైకి లేచి పెట్రోలు పైపుల్ని, పంపును, ఫ్లోట్ బౌల్స్‌ను (కార్బురేటర్ కింది పెట్రోలు గిన్నెల్ని) ఉడకబెడుతుంది. పైపులో పెట్రోలు బదులు ఆవిరి నిండుతుంది. స్టార్ట్ అవుతుంది, టాక్సీ చేస్తుంది, నిండు థ్రాటిల్ ఇచ్చిన ఇరవై సెకన్లకు దగ్గుతుంది. సరిగ్గా రన్‌వే అయిపోయే చోట. మందు ఏమిటంటే, ట్యాంకుకు తిరిగి వెళ్ళే సన్నని రిటర్న్ పైపు కచ్చితంగా ఉండాలి, పుట్టిన ఆవిరి దాని గుండా పోతుంది. పైపులకు ఫైర్‌స్లీవ్ (వేడిని ఆపే తొడుగు) తొడగాలి, ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పాలి. ఆపగానే కౌలింగ్ మూతలు తెరిచి ముక్కును గాలికి ఎదురుగా పెట్టాలి. మళ్ళీ ఎగిరేముందు ఎలక్ట్రిక్ పంపు ఒక నిమిషం వేసి, నిలబడే నిండు థ్రాటిల్ పది, పదిహేను సెకన్లు చూడాలి. పెట్రోలు ప్రెషర్ 0.15 నుంచి 0.4 బార్ మధ్య ఉండాలి. 0.15 కిందికి వస్తే ఆవిరి, 0.4 పైకి పోతే ఎలక్ట్రిక్ పంపు ఎక్కువ తోస్తోందని అర్థం. అప్పుడు ఫ్లోట్ సూది ఆపలేక పెట్రోలు వెంట్ గొట్టాల నుంచి ఎగ్జాస్ట్ మీదికి కారుతుంది.

ఫ్లోట్ల మాట వచ్చింది కాబట్టి అక్కడే ఆగుదాం. 912కి వచ్చిన ఫిర్యాదుల్లో మా లెక్కలో మొదటి స్థానం వీటిది. ఒక్కో బౌల్‌లో రెండు ప్లాస్టిక్ ఫ్లోట్లు విడివిడిగా తేలుతుంటాయి. కొన్ని బ్యాచ్‌లు పెట్రోలును పీల్చుకుని బరువెక్కి మునుగుతాయి. మునిగిన ఫ్లోట్ సూదిని మూయలేదు, బౌల్ పొంగుతుంది, ఆ వైపు రెండు సిలిండర్లకు పెట్రోలు ఎక్కువై ఇంజన్ ఊగుతుంది. ఐడిల్‌లో (థ్రాటిల్ మూసి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) ఎక్కువ తెలుస్తుంది, ప్లగ్గులు మసిబారతాయి, కింద డ్రిప్ ట్రేలో తడి కనిపిస్తుంది. చాలామంది దీన్ని ఇగ్నిషన్ లోపం అనుకుని మాడ్యూళ్ళు మార్చేస్తారు. ముందు చేయాల్సిన పని: బౌల్ కింది స్ప్రింగ్ క్లిప్ తోసి బౌల్ దించడం, ఫ్లోట్లు తీసి తుడిచి బంగారం కొట్టులో వాడేలాంటి తక్కెడలో జంటగా తూచడం. రెండూ కలిపి 7 గ్రాములు దాటితే పారేయాలి. 7కి దగ్గరగా ఉన్నా నమ్మొద్దు, ఇంకో పాతిక గంటలకు దాటుతుంది. బౌల్ దించినప్పుడు అడుగున చూడండి: నల్లటి నలుసులు ఉంటే పైపు లోపలి రబ్బరు రాలుతోంది, తెల్లటి పొడి ఉంటే నీరు చేరింది. కొత్త రకం ఫ్లోట్లు వచ్చాక బెడద తగ్గింది గానీ, తూచడం మానేసేంత కాదు.

కార్బురేటర్లు రెండు కాబట్టి రెండూ ఒకే ఊపిరి పీల్చాలి. సింక్రనైజ్ చేయడం అంటే ఇదే. చేయని ఇంజన్ తక్కువ ఆర్‌పీఎంలో గజగజలాడుతుంది. ఆ వణుకు గేర్‌బాక్స్ పళ్ళను, కార్బురేటర్‌ను ఇంజన్‌కు కలిపే రబ్బరు సాకెట్లను తినేస్తుంది. మొదట మెకానికల్‌గా: థ్రాటిల్ పూర్తిగా మూసినప్పుడు రెండు లివర్లూ తమ స్టాప్ స్క్రూలకు తగలాలి, లాగినప్పుడు రెండూ ఒకే క్షణంలో కదలాలి. ఐడిల్ మిక్స్చర్ స్క్రూ పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి. తర్వాత ఇంజన్ వేడెక్కాక, రెండు మానిఫోల్డ్‌లను కలిపే బ్యాలెన్స్ ట్యూబు విప్పి, రెండు వాక్యూమ్ గేజీలు తగిలించి చూడాలి. ఐడిల్‌లో తేడా ఉంటే స్టాప్ స్క్రూతో, 2,500 దగ్గర తేడా ఉంటే కేబుల్ అడ్జస్టర్‌తో సరిచేయాలి. పాత మోటార్‌సైకిల్ గేజీల జత చాలు, ముందు రెండిటినీ ఒకే గొట్టానికి తగిలించి అవి ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో చూసుకోండి. గేజీలే అబద్ధమాడితే పనంతా వృథా. ఇంజన్ తిరుగుతుండగా ప్రొపెల్లర్ వెనక చేతులు పెట్టే పని ఇది. చక్రాలకు దిమ్మెలు, తోకకు తాడు, కాక్‌పిట్‌లో థ్రాటిల్ పట్టుకున్న ఇంకో మనిషి లేకుండా మొదలుపెట్టకూడదు.

కేబుల్ గురించి ఒక సంగతి కొత్తవాళ్ళకు తెలియదు. ఈ కార్బురేటర్లకు స్ప్రింగ్ థ్రాటిల్‌ను మూసే వైపు కాదు, తెరిచే వైపు లాగుతుంది. గాల్లో కేబుల్ తెగితే పవర్ పోదు, నిండుగా వస్తుంది. ఒక కేబుల్ తెగితే ఒక వైపే నిండుగా వచ్చి ఇంజన్ విపరీతంగా ఊగుతుంది, అప్పుడు రెండో వైపూ నిండుగా ఇచ్చి సమం చేసుకోవడమే ఉపాయం. దిగేముందు ఇగ్నిషన్ ఆపి గ్లైడ్‌లో రావాలి. ఏర్పాటు మంచిదే, తెలియనివాడికే కంగారు.

స్టార్ట్ చేయడంలో యూఎల్, యూఎల్‌ఎస్ మధ్య తేడా బాగా కనిపిస్తుంది. చోక్ అనేది ఇక్కడ సీతాకోకచిలుక మూత కాదు, విడిగా పెట్రోలు లాగే చిన్న దారి. థ్రాటిల్ పూర్తిగా మూసి ఉంటేనే అది పనిచేస్తుంది. కారు అలవాటుతో థ్రాటిల్ కొంచెం తెరిచి స్టార్టర్ నొక్కితే బ్యాటరీ అయిపోవడమే. క్రాంక్ కనీసం 220 ఆర్‌పీఎం తిరిగితేగానీ ఇగ్నిషన్ నిప్పు ఇవ్వదు. నీరసపడ్డ బ్యాటరీతో తిప్పితే సరిగ్గా ఆ అంచున నిప్పు పడి, ఎక్కువ కంప్రెషన్ ఉన్న యూఎల్‌ఎస్ వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను స్టార్టర్‌ను ఇంజన్‌కు కలిపే స్ప్రాగ్ క్లచ్‌కు తగులుతుంది. తర్వాత స్టార్టర్ తిరుగుతుంది, ఇంజన్ తిరగదు. ఆ క్లచ్ మార్చాలంటే ఇంజన్ వెనక భాగమంతా విప్పాలి. బ్యాటరీ మీద డబ్బు మిగల్చడం ఎవరికీ కలిసిరాలేదు. స్టార్టర్ ఒక్కసారికి 10 సెకన్లు మించకూడదు, తర్వాత 2 నిమిషాలు విరామం. యూఎల్ ఈ విషయంలో సాధువు.

రోజూ ఎగిరే ముందు ఆయిల్ చూసే పద్ధతి వేరు. కారులా డిప్‌స్టిక్ లాగి చూస్తే తప్పు లెక్క వస్తుంది, ఎందుకంటే ఆయిల్ విడిగా ట్యాంకులో ఉంటుంది, ఇంజన్ అడుగున మిగిలింది సిలిండర్ల నుంచి జారే గ్యాసు ఒత్తిడితోనే వెనక్కి వెళ్తుంది. ఇగ్నిషన్ రెండూ ఆపి, ట్యాంకు మూత తీసి, ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా చేత్తో తిప్పుతూ పోతే కాసేపటికి ట్యాంకులోంచి గుడగుడమని శబ్దం వస్తుంది. అప్పుడు డిప్‌స్టిక్ చూడాలి. రెండు గుర్తుల మధ్య తేడా 0.45 లీటరు. విమానం ముందు నిలబడితే ప్రొపెల్లర్‌ను గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే ఆయిల్ దారుల్లోకి గాలి పోతుంది, వాల్వు లిఫ్టర్లు ఖాళీ అవుతాయి. టూరిస్టులు, చిన్నపిల్లలు ప్రొపెల్లర్ పట్టుకుని ఫొటోలు దిగకుండా చూడటానికి భద్రత ఒక్కటే కారణం కాదన్నమాట.

ఆయిల్ రకం దగ్గర పిసినారితనం, అతితెలివి రెండూ పనికిరావు. అదే ఆయిల్ గేర్‌బాక్స్‌కు, అందులోని ఓవర్‌లోడ్ క్లచ్‌కు కూడా పోతుంది. కారు ఆయిల్‌లో జారుడు కోసం కలిపే మందులు క్లచ్‌ను జార్చేస్తాయి. పెద్ద విమానాల పిస్టన్ ఇంజన్ ఆయిల్ గేర్ పళ్ళకు చాలదు. ఏరోషెల్ స్పోర్ట్ ప్లస్ 4 ఈ ఇంజన్ కోసమే చేసింది, మార్పుకు సుమారు 3 లీటర్లు. తీసిన ఫిల్టర్‌ను పారేయకుండా కోసి మడతలు విప్పి చూడాలి. గేర్‌బాక్స్ దగ్గరి మాగ్నెటిక్ ప్లగ్గు మీద బూడిదలాంటి సన్నని మెత్తటి పొడి మామూలే. చెక్కల్లాంటి ముక్కలు కనబడితే ఎగరడం ఆపేయాలి. ఆయిల్ 50 డిగ్రీలకు రాకుండా నిండు థ్రాటిల్ ఇవ్వకూడదు. మన వేసవిలో అది మూడు నాలుగు నిమిషాల పని. మనకు ఎప్పుడూ ఉండే బాధ రెండో చివర: యూఎల్‌ఎస్‌కు 130, యూఎల్‌కు 140 డిగ్రీలు హద్దు. 90 నుంచి 110 మధ్య ఉంటే మంచిది. ఎగిరిన ప్రతిరోజూ ఒక్కసారైనా 100 తాకితేనే అందులో చేరిన తేమ ఆవిరవుతుంది.

రేణిగుంట లాంటి పెద్ద విమానాశ్రయంలో నేల మీదే వేడి ఎక్కుతుంది. ఎయిర్‌బస్‌లు దిగేదాకా టాక్సీవే మీద ఆగమంటారు. గాలి వెనకనుంచి వీస్తుంటే రేడియేటర్‌లోంచి ఏమీ పోదు. ఆగిన చోటే ముక్కు గాలికి తిప్పుకోవడం, ఐడిల్ కాకుండా 2,000 దగ్గర ఉంచడం, హెడ్ ఉష్ణోగ్రత మీద కన్నేయడం. 1,400 కింద ఐడిల్ ఉంచితే గేర్ పళ్ళు టకటకలాడతాయి, అది వేడికంటే చెడ్డది. కూలెంట్‌లో బోరు నీళ్ళు పోయకూడదు. మన బోరు నీటి ఉప్పు అల్యూమినియం హెడ్లలో గారలా కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, గ్లైకాల్ సగం సగం, డబ్బా మీద రాసిన గడువుకు మార్పు.

వేడికి అందరికంటే ముందు చచ్చేది బ్యాటరీకి కరెంటును సరిచేసి పంపే రెగ్యులేటర్ రెక్టిఫయర్. దానికి హద్దు 80 డిగ్రీలు, ఇగ్నిషన్ మాడ్యూళ్ళకూ అంతే. కిట్ ఫొటోలు చూసి ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) ఇంజన్ వైపే బిగిస్తే తిరుపతిలో ఒక్క వేసవి దాటదు. కాక్‌పిట్ వైపు పెట్టండి, లేదా దాని మీదికి బయటి గాలి గొట్టం తిప్పండి. 22,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ మర్చిపోవద్దు, అది లేకుండా బ్యాటరీ తెగితే రెగ్యులేటర్ పనిచేయడం మానేస్తుంది.

ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) గురించి మొండి వాదనలు వింటుంటాం: ఎక్కువ పిచ్ పెడితే క్రూజ్ బాగుంటుందని. యూఎల్‌ఎస్‌ను నిండు థ్రాటిల్‌లో 5,200 ఆర్‌పీఎం కింద నడపడం తయారీదారే వద్దన్నాడు. బండిని టాప్ గేర్‌లో ఘాటు ఎక్కించినట్టు ఉంటుంది, సిలిండర్ ఒత్తిడి పెరిగి నాకింగ్‌కు దగ్గరవుతుంది. ఎండ రోజున నేల మీద నిండు థ్రాటిల్‌లో 5,200 రాకపోతే పిచ్ తగ్గించాల్సిందే. ఇగ్నిషన్ పరీక్ష 4,000 దగ్గర. ఒక్కోటి ఆపినప్పుడు 300 కంటే ఎక్కువ పడకూడదు, రెండిటి మధ్య తేడా 115 దాటకూడదు.

రబ్బరుకు ఐదేళ్ళ గడువు: పెట్రోలు, ఆయిల్, కూలెంట్ పైపులు, కార్బురేటర్ సాకెట్లు, డయాఫ్రమ్‌లు, పెట్రోలు పంపు. గంటలు ఎన్ని ఎగిరినా ఎగరకపోయినా ఐదేళ్ళే. రేకుల షెడ్డులో ఉంచిన విమానానికి ఐదేళ్ళు కూడా ఎక్కువ, మూడో ఏటినుంచే సాకెట్లను రెండు వేళ్ళతో వంచి పగుళ్ళు చూడాలి. మోటార్‌సైకిల్ స్పేర్ పార్ట్స్ కొట్టులో మీటరు లెక్కన అమ్మే పెట్రోలు పైపు పెట్టకండి. పైపు మీద అచ్చేసిన తయారీ తేదీ చూడండి, కొట్టులో రెండేళ్ళు వేలాడిన పైపుకు మీ దగ్గర మూడేళ్ళే ఆయుష్షు. ఎలుకలు సిలికాన్ తీగల్ని, కందిరీగలు వెంట్ గొట్టాల్ని వదలవు. ట్యాంకు వెంట్‌లో మట్టి గూడు కడితే ట్యాంకు నిండా పెట్రోలున్నా ఇంజన్ ఆకలితో ఆగుతుంది. ఎగ్జాస్ట్ స్ప్రింగులకు లాక్‌వైరు, లోపల వేడికి తట్టుకునే సిలికాన్ పూత ఉండాలి. ప్రొపెల్లర్ వెనక ఉండే ట్రైక్‌లో (మూడు చక్రాల తేలికపాటి విమానం) తెగిన స్ప్రింగు నేరుగా ప్రొపెల్లర్ రెక్కలకు తగులుతుంది.

యూఎల్, యూఎల్‌ఎస్ రెండిటికీ ఏవియేషన్ సర్టిఫికెట్ లేదు, అది 912 ఏ, ఎఫ్, ఎస్ రకాలకే. ఈ ఇంజన్ ఎప్పుడైనా ఆగవచ్చని తయారీదారే మాన్యువల్‌లో రాశాడు. ఆ మాట ఇక్కడ మ్యాపు పక్కన పెట్టుకుని చదవాలి. తిరుపతికి ఉత్తరాన శేషాచలం అడవి, దిగడానికి చారెడు చోటు లేదు. తిరుమల మీదుగా విమానాలు పోవడంపై టీటీడీ అభ్యంతరం ఎప్పటినుంచో ఉన్నదే. తూర్పున శ్రీహరికోట, ప్రయోగాల రోజుల్లో నోటామ్ (పైలట్లకిచ్చే హెచ్చరిక ప్రకటన) చూడకుండా కదలకూడదు. శ్రీకాళహస్తి వైపు స్వర్ణముఖి ఇసుక, కోత కోసిన పొలాలు కాస్త మేలు.

ఏది కొనాలి? తేలికైన విమానం, ఎక్కువగా ఒంటరిగా, ఉదయం తొమ్మిదిలోపు ఎగిరేవాళ్ళకు యూఎల్ చాలు. తక్కువ కంప్రెషన్ వల్ల పెట్రోలు దగ్గర, స్టార్టింగ్ దగ్గర సగం తలనొప్పులు ఉండవు. ఇద్దరితో, పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ప్రాంతాలకు వెళ్ళేవాళ్ళకు యూఎల్‌ఎస్ తప్ప గత్యంతరం లేదు. విడిభాగాలు ఇక్కడ కౌంటర్ మీద దొరకవు. ఇంజన్‌తో పాటే నాలుగు ఫ్లోట్లు, బౌల్ గాస్కెట్లు, రెండు డయాఫ్రమ్‌లు, రెండు సాకెట్లు, ఎనిమిది ప్లగ్గులు (యూఎల్‌కు ఎన్‌జీకే డీసీపీఆర్7ఈ, యూఎల్‌ఎస్‌కు డీసీపీఆర్8ఈ), రెండు ఆయిల్ ఫిల్టర్లు తెప్పించి పెట్టుకోండి. రబ్బరువి చల్లని చీకటి బీరువాలో.

సెకండ్‌హ్యాండ్ చూస్తుంటే లాగ్‌బుక్‌లో గంటలకంటే తేదీలు ముందు చదవండి. 200 గంటలే తిరిగి పన్నెండేళ్ళు షెడ్డులో నిలబడ్డ ఇంజన్ కంటే, నాలుగేళ్ళలో 900 గంటలు తిరిగింది మేలు. సీరియల్ నంబర్ రాసుకుని సర్వీస్ బులెటిన్లన్నిటితో సరిచూడండి. ఓనర్ ముందే బౌల్ దించి ఫ్లోట్లు తూచండి. తక్కెడ మీరే తీసుకెళ్ళండి.